గట్టు మీద ఎవరుండాలి?

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీదికి వెళ్లినా, విశాఖ బీచ్ రోడ్డు మీదికి వెళ్లినా ఇప్పుడు ఒక దృశ్యం మామూలైపోయింది. నలభై దాటినవాళ్లు, యాభైకి దగ్గరపడుతున్నవాళ్లు గుంపులుగా పరుగెత్తుతూ కనిపిస్తారు. పక్కనే హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ల మీద ఇంకో గుంపు పోతూ ఉంటుంది. షుగర్ వచ్చిందనో, డాక్టరు గట్టిగా చెప్పాడనో, పిల్లలు పెద్దవాళ్లయి కాస్త తీరిక చిక్కిందనో మొదలుపెట్టినవాళ్లే వీళ్లలో ఎక్కువ. మెల్లగా పది కిలోమీటర్లు, ఆపైన హాఫ్ మారథాన్, తర్వాత ఒక మంచి సైకిలు. అక్కడిదాకా వచ్చాక ఎవరో ఒకరు అంటారు, "ఇక ఈత ఒక్కటే కదా మిగిలింది, అదీ పట్టేస్తే ట్రయథ్లాన్ చేసెయ్యొచ్చు" అని.

ఆ ఈత దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. కాళ్లలో సత్తువ ఉంది, గుండె గట్టిగా ఉంది, రెండు గంటలు ఆగకుండా పరుగెత్తగలరు. నీళ్లలో దిగితే మాత్రం పాతిక మీటర్లకే రొప్పు వచ్చి గోడ పట్టుకుంటారు. పట్టుదలకేం తక్కువ లేదు, రోజూ వస్తూనే ఉంటారు. గట్టు మీద సరైన మనిషి లేకపోవడమే వాళ్ల కష్టం. ఆ మనిషిని ఎలా వెతుక్కోవాలో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు దూరాల సంగతి. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, ఈ వరసలో, మధ్యలో విరామం లేకుండా. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి ఈ ఆటకు చోటు దొరికింది. అక్కడ ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40, పరుగు 10. కొత్తవాళ్ల కోసం అందులో సగం దూరం ఉండే స్ప్రింట్ పోటీలున్నాయి, ఈత 750 మీటర్లే. మన దగ్గర ఎక్కువమంది నోట వినిపించే పేరు మాత్రం గోవా ఐరన్‌మ్యాన్ 70.3. 2019 అక్టోబరులో మిరమార్ బీచ్‌లో మొదలైంది. అరేబియా సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లలో ఈత వాటా రెండు శాతం కూడా లేదు. అయినా నెలల తరబడి నిద్ర పట్టనివ్వనిది ఆ రెండు శాతమే. గంటా పది నిమిషాల్లో నీళ్లలోంచి బయటపడకపోతే పోటీ అక్కడితో సరి, సైకిలు ఎక్కనివ్వరు.

ఐరన్‌మ్యాన్ అన్న పోటీ ఒక వాదులాటలోంచి పుట్టింది. ఎవరి ఒళ్లు గట్టిది, ఈతగాళ్లదా, పరుగువాళ్లదా, సైకిలు తొక్కేవాళ్లదా అని. అదేదో తేల్చుకుందామని 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓహూ దీవిలో 15 మంది బరిలోకి దిగారు, 12 మంది చివరిదాకా వెళ్లారు. ఒక ఆటలో ఆరితేరిన ఒళ్లు ఇంకో ఆటలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్న సంగతి ఆ వాదులాటలోనే ఉంది. మన రన్నర్లు పూల్‌లో దిగిన మొదటి వారంలోనే అది కళ్లారా చూస్తున్నారు.

పరుగులో, సైకిలులో ఒక లెక్క పనిచేస్తుంది. ఎంత కష్టపడితే అంత ఫలితం. నీళ్ల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపు చేద్దామనుకుంటే నీరు నాలుగు రెట్లు అడ్డుకుంటుంది. కాబట్టి నీళ్లలో మన ఒళ్లు ఏ వాటంలో ఉందన్నది మొదట చూసుకోవాలి, బలం సంగతి తర్వాత. మనిషిలో తేలే భాగం ఛాతీ, ఎందుకంటే గాలి నిండిన ఊపిరితిత్తులు అక్కడున్నాయి. మునిగే భాగం కాళ్లు. ఏళ్ల తరబడి పరుగెత్తినవాళ్ల కాళ్లలో కండ ఎక్కువ, కొవ్వు తక్కువ, అందుకని అవి ఇంకా త్వరగా కిందికి దిగుతాయి. పైగా చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. పాదం వెనక్కి చాచమంటే చాచుకోదు, కొక్కెంలా కిందికి వంగి నీళ్లను ముందుకు తోస్తుంది. కిక్‌బోర్డు పట్టుకుని గట్టిగా కాళ్లు కొడుతూ ఉన్నచోటనే ఉండిపోయే రన్నర్లు ప్రతి పూల్‌లోనూ ఉంటారు, ఒక్కొక్కరు వెనక్కి కూడా జరుగుతారు.

ఇక ఊపిరి. నీళ్లలో మొహం పెట్టగానే కొత్తవాళ్లు గాలి బిగబడతారు. తల పక్కకు తిప్పిన ఆ అర సెకనులోనే పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ సగం సగమే అవుతాయి. నాలుగు బారలు వేసేసరికి గాలి చాలడం లేదనిపిస్తుంది. నిజానికి లోపల గాలి ఉంది, బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ పోవడం లేదు. మెదడుకు ఆ గాబరా పుట్టించేది అదే. గాబరా పుడితే తల లేస్తుంది, తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు ఇంకా గట్టిగా కొట్టాలి, కొట్టేకొద్దీ రొప్పు.

వీటిలో ఏ ఒక్కటీ ఈదేవాళ్లకు కనిపించదు. కాళ్లు మునిగాయని వాళ్లకు తెలియదు. చేయి తిన్నగా ముందుకే వెళ్తోందని అనుకుంటారు, అది ముక్కు ముందు నుంచి అవతలి పక్కకు దాటిపోతూ ఉంటుంది. మోచేయి పైన ఉందనుకుంటారు, అది అరచేతికంటే ముందే కిందికి జారి ఉంటుంది. పరుగులో తప్పు చేస్తే మోకాలు నొప్పి పెట్టి చెబుతుంది. ఈతలో తప్పు అలా తనంతట తాను తెలియదు, అలసట మాత్రమే తెలుస్తుంది. అందుకే ఎవరెన్ని చెప్పినా నా మాట ఒకటే. ఈత కోచ్‌కి మొదట కావలసినది చూపు. నోరు, విజిలు, పతకాలు ఆ తర్వాతివి.

మన పల్లెల్లో నేర్చుకున్న ఈత గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. బెండు కట్టుకునో, ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకునో బావిలో, చెరువులో, కాలవలో ఈత నేర్చినవాళ్లు మనలో ఎంతమందో. మేనమామ నడుం కింద చెయ్యేసి పట్టుకుని, చెప్పకుండా చెయ్యి తీసేసిన ఈత అది. వాళ్లకు నీళ్లంటే భయం లేదు. ఈతకు మించిన లోతు లేదన్న సామెత వాళ్లది. తల పైకెత్తి ఈదడం వాళ్లకు అలవాటు. ఆ వాటంలో కాలవ దాటొచ్చు, రెండు కిలోమీటర్లు ఈదాలంటే నడుం, మెడ పట్టేస్తాయి. నగరానికి వచ్చి పూల్‌లో దిగితే కొందరు కోచ్‌లు "పల్లెటూరి ఈత" అని తీసిపారేస్తారు. అది పెద్ద పొరపాటు. నీళ్లంటే భయం లేకపోవడమన్నది డబ్బు పెట్టినా దొరకని ఆస్తి. దాని మీద కట్టుకుంటూ పోయేవాడే మంచి కోచ్. చిన్నప్పుడు వచ్చిన ఈతను నవ్వులాట చేసే మనిషి దగ్గర నేర్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

సరే, మన నగరాల్లో దొరికే శిక్షణ ఏమిటి? ఎక్కువ భాగం పిల్లల కోసం పుట్టింది. ఏప్రిల్, మే నెలల్లో మున్సిపల్ పూల్స్ దగ్గర తల్లిదండ్రుల వరసలు చూస్తే తెలుస్తుంది. గచ్చిబౌలిలో 50 మీటర్ల కొలను ఉంది, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడల ఈత పోటీలు అక్కడే జరిగాయి. అలాంటి చోట పనిచేసే కోచ్‌ల లోకమంతా పోటీలకు తయారయ్యే పిల్లలు. ఆరేడేళ్ల వయసులో పట్టుకుని, పదేళ్లు తిప్పి, 50 మీటర్లు, 100 మీటర్లు మెరుపులా ఈదే పిల్లలను తయారు చేస్తారు. వాళ్ల పనంటే నాకు గౌరవం. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు చూపించినదే నలభై ఎనిమిదేళ్ల మనిషికి చూపిస్తే పనిచేయదు. పిల్ల చూసి చేసేస్తుంది, ఎందుకని అడగదు. పెద్దవాళ్లకు ఎందుకో చెప్పాలి. పిల్ల భుజం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఇరవై ఏళ్లు కంప్యూటరు ముందు వంగి కూర్చున్న భుజం అలా తిరగదు. పైగా 100 మీటర్ల పిల్లలకు నేర్పే జోరైన కాళ్లు ట్రయథ్లాన్‌కి పనికిరావు. తర్వాత సైకిలు, పరుగు ఉన్నాయి, కాళ్లను దాచుకోవాలి. రెండు బారలకు రెండే తన్నులతో, నెమ్మదిగా, ఒళ్లు నిలకడగా ఉంచుకుని పోవడం నేర్పాలి.

ఇంకో రకం, లైఫ్‌గార్డే నేర్పేది. ఆయన మంచి ఈతగాడే కావచ్చు, మనసున్నవాడే కావచ్చు. కానీ డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డు కళ్లు కొలనంతటి మీదా ఉండాలి. మీ మోచేయి చూస్తున్నంతసేపు అవతలి మూల మునుగుతున్న పిల్లవాణ్ని ఎవరు చూస్తారు? ఆయన డ్యూటీ దిగాక నేర్పితే తప్పులేదు. డ్యూటీలో ఉండగా నేర్పించే పూల్ అయితే అక్కడ మీ పిల్లలను కూడా దింపకండి.

మూడో రకం, ఫోనులో వచ్చే ట్రైనింగ్ ప్లాన్. సోమవారం 1500 మీటర్లు, బుధవారం 2000, శనివారం 2500. సైకిలుకు, పరుగుకు ఇలాంటి ప్లాన్ చాలావరకు సరిపోతుంది. ఈతలో మాత్రం వాటం కుదరని మనిషి 2500 మీటర్లు ఈదితే 2500 మీటర్ల పొడవునా తప్పును సాధన చేసినట్టు. ఆ తప్పు భుజంలో నొప్పిగా తేలుతుంది.

నాకు తెలిసిన ఒకావిడ సంగతి చెబుతాను. బ్యాంకు ఉద్యోగి, యాభైకి దగ్గర పడుతున్న వయసు, హాఫ్ మారథాన్లు హాయిగా పూర్తి చేస్తారు. ఈత కోసం ఒక బ్యాచ్‌లో చేరారు. రోజుకు ఇన్ని లెంగ్తులు, మర్నాడు ఇంకో రెండు ఎక్కువ, అదే పాఠం. కోచ్ గట్టు మీద కుర్చీలో కూర్చుని లెక్క చెబుతాడు. నెలలు గడిచినా ఆవిడ గోడ పట్టుకోకుండా యాభై మీటర్లు దాటలేదు, ఎడమ భుజం సలుపు మాత్రం మిగిలింది. ఎవరో చెబితే సికింద్రాబాద్‌లో ఇంకో కోచ్ దగ్గరికి వెళ్లారు. ఆ మొదటి పూట నేనూ వెళ్లి గట్టు మీద కూర్చున్నాను.

అరవై దాటిన మనిషి. ముందు ఆవిణ్ని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడారు. ఏ పోటీ, ఎప్పుడు, వారానికి ఎన్ని రోజులు రాగలరు, చిన్నప్పుడు నీళ్లలో ఏదైనా భయం పుట్టిందా, బీపీ, గుండె సంగతి డాక్టరు చూశారా. తర్వాత, "మేడమ్, మీరు రోజూ ఎలా ఈదుతారో అలాగే రెండు లెంగ్తులు ఈదండి. నా కోసం బాగా ఈదకండి" అన్నారు. ఆవిడ ఈదుతుంటే గట్టు వెంట నడిచారు, అటు పక్క నుంచి, ఇటు పక్క నుంచి. లేన్ చివర బోర్లా పడుకుని, గాగుల్స్ పెట్టుకున్న మొహం నీళ్లలో ముంచి, ఎదురుగా వస్తున్న ఆవిణ్ని చూశారు. లేచి అడిగిన మొదటి మాట, "ఎడమ భుజమేనా అమ్మా నొప్పి?" ఆవిడ అప్పటికి నొప్పి ఊసే ఎత్తలేదు.

ఎడమ చేయి ముక్కు దాటి కుడివైపు పడుతోందట, ప్రతి బారకూ భుజం మెలితిరుగుతోందట. "కానీ ఇవాళ చేతుల జోలికి వెళ్లం" అన్నారు. ఛాతీ లోతు నీళ్లలో నిలబెట్టి, గట్టు అంచు పట్టుకుని మొహం ముంచి కూనిరాగం తీయమన్నారు. "మ్‌మ్ అని సాగదీయండి. రాగం ఆగిందంటే ఊపిరి బిగబట్టినట్టు." ఆవిడ తల పక్కకు తిప్పే ముందు ప్రతిసారీ రాగం తెగిపోయేది. ఆ తెగడం గట్టు మీది నాకు కూడా తెలిసింది, బుడగలు ఆగిపోయేవి. పావుగంటకు రాగం తెగకుండా వచ్చింది. అప్పుడు చేతులు ముందుకు చాచి, ఛాతీ నీళ్ల మీద ఆనించి ఊరికే తేలమన్నారు. కళ్లు ముందుకు కాకుండా అడుగున ఉన్న టైల్స్ మీద పెట్టమన్నారు. కాళ్లు వాటంతటవే పైకి వచ్చాయి. అప్పుడు ఆరు బారలు, ఆగడం. మళ్లీ ఆరు బారలు, ఆగడం. మొత్తం ఆ పూట ఆవిడ ఈదినది నాలుగైదు వందల మీటర్లు కూడా ఉండదు.

"ఇంతేనా సార్?" అన్నారావిడ.

"ఇంతే మేడమ్. ఎల్లుండి వచ్చేదాకా రాగం మరిచిపోకండి. అది నిలబడ్డాక ఎడమ చెయ్యి చూద్దాం."

ఆ పూట నేను చూసినదే పెద్దవాళ్లకు కావలసిన శిక్షణ. చెప్పే ముందు చూశారు. ఒక్క పూటకు ఒక్కటే దిద్దారు. చేయి తప్పని కళ్లారా కనిపిస్తున్నా దాని జోలికి పోలేదు, ఎందుకంటే ఊపిరి కుదరని మనిషికి చేయి గురించి చెబితే తలకెక్కదు. తప్పులన్నీ కనిపించినా ఏది ముందు, ఏది తర్వాత అని వరస పెట్టుకోగలగడంలోనే ఉంది నేర్పంతా. ఆవిడ ఇప్పుడు ఆగకుండా కిలోమీటరు పైన ఈదుతున్నారు, భుజం నొప్పి లేదు.

కోచ్‌ని ఎంచుకునే ముందు ఒక పూట ఆ పూల్‌కి వెళ్లి గట్టు మీద కూర్చోండి. ఫీజు కట్టకముందే వెళ్లండి. కోచ్ కళ్లు ఎక్కడున్నాయో చూడండి, నీళ్ల మీదా, ఫోను మీదా. లేన్‌లో ఉన్న అందరికీ ఒకే కేక వేస్తున్నారా, ఒక్కొక్కరికి వేరు వేరుగా చెబుతున్నారా? గోడ దగ్గర ఆగిన మనిషితో వంగి మాట్లాడుతున్నారా? అలసిపోయి ఆగినవాళ్లను "కమాన్, కమాన్" అని తోస్తున్నారా, ఎందుకు అలసిపోయారో చూస్తున్నారా? గంటసేపు చూస్తే ఇవన్నీ తెలిసిపోతాయి. ఏ సర్టిఫికెట్టూ ఇంత బాగా చెప్పదు. సర్టిఫికెట్టు అడగవద్దని కాదు. పాటియాలా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్‌లో కోచింగ్ డిప్లొమా చేశారా, ప్రథమ చికిత్స, సీపీఆర్ వచ్చా అని మొహమాటం లేకుండా అడగండి. దాంతోపాటు, నలభై దాటాక మొదలుపెట్టినవాళ్లకు ఎవరికైనా నేర్పారా, వాళ్లతో ఒకసారి మాట్లాడవచ్చా అని కూడా అడగండి. మంచి కోచ్ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

ఈత బోధనలోనూ పార్టీలున్నాయి. అమెరికాలో టెర్రీ లాఫ్లిన్ అనే కోచ్ టోటల్ ఇమ్మర్షన్ అనే పద్ధతిని ప్రచారం చేశారు, 2017లో కన్నుమూశారు. ముందు ఒళ్లు తేలాలి, నిడుపుగా జారాలి, బారలు తక్కువ వేయాలి అన్నది దాని సారం. పెద్దవయసులో ఈత మొదలుపెట్టిన ఎందరికో నీళ్లను స్నేహం చేసిన పద్ధతి అది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి పాల్ న్యూసమ్ నడిపించిన స్విమ్ స్మూత్ వాళ్లు ఇంకోలా అంటారు. మరీ జారుతూ కూర్చుంటే ప్రతి బారకూ మధ్య వేగం చచ్చిపోతుంది, అలల్లో అది పనికిరాదు, మనిషి మనిషికీ తీరు వేరు కాబట్టి దిద్దడం కూడా వేరు వేరుగా ఉండాలి అని. నా అభిప్రాయం అడిగితే, మొదటి మూడు నెలలకు లాఫ్లిన్ దారి మేలు, సముద్రానికి తయారయ్యేటప్పుడు రెండోవాళ్ల మాట మేలు. ఒకే పద్ధతిని పట్టుకుని అందరినీ అందులో కూరే కోచ్ దగ్గర మాత్రం జాగ్రత్త.

బాగుపడుతున్నామో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన కొలత ఉంది. కనీసం 400 మీటర్లు ఆగకుండా ఈదగలిగాక చేసేది. ఒక రోజు 400 మీటర్లు, కాస్త విశ్రాంతి తర్వాత 200 మీటర్లు, శక్తి కొద్దీ ఈదాలి. ఉదాహరణకు 400కి పది నిమిషాలు, 200కి నాలుగు నిమిషాల నలభై సెకన్లు పట్టాయనుకుందాం. తేడా అయిదు నిమిషాల ఇరవై సెకన్లు. అంటే 200 మీటర్ల తేడాకు 320 సెకన్లు, వందకు 160 సెకన్లు. రెండు నిమిషాల నలభై. ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం సుమారుగా అదీ. ఆ లెక్కన గోవాలో 1.9 కిలోమీటర్లు ఈదడానికి 51 నిమిషాలు. పోటీ గడువు ప్రకారం వందకు మూడు నిమిషాల నలభై సెకన్ల దాకా పట్టినా సరిపోతుంది. అంటే గడువు మనం భయపడినంత కఠినం కాదు. ఆరు వారాలకోసారి ఈ పరీక్ష పెట్టి, అంకెలు రాసిపెట్టే కోచ్ దొరికితే వదులుకోకండి. మీరు బాగుపడుతున్నది ఒంట్లోనా, ఊహలోనా అన్నది ఆ కాగితం చెబుతుంది.

ఇప్పుడు సముద్రం. పూల్‌లో అడుగున గీత ఉంటుంది, పాతిక మీటర్లకు గోడ ఉంటుంది. సముద్రంలో రెండూ ఉండవు. తిన్నగా పోతున్నాననుకుంటూ పక్కకు పోయి, 1.9 కిలోమీటర్లను రెండున్నర చేసుకునేవాళ్లు ఉంటారు. ఆరేడు బారలకోసారి కళ్లు మాత్రం నీటి పైకి తెచ్చి గుర్తు చూసుకోవడం, పక్కవాడి కాలు మొహానికి తగిలినా రాగం తెగకుండా ఊపిరి వదలడం, ఇవి పూల్‌లోనే నేర్పి పంపాలి. ఒకే లేన్‌లో నలుగురిని పక్కపక్కన ఈదించి ఆ గందరగోళం అలవాటు చేసే కోచ్‌లున్నారు, మంచి పద్ధతి. చలి దేశాల పోటీల్లో వేసుకునే వెట్‌సూట్ మనిషిని తేలుస్తుంది. ఐరన్‌మ్యాన్ నియమాల ప్రకారం నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే మామూలు పోటీదారులు అది వేసుకుని బహుమతికి పోటీపడలేరు. మన వెచ్చని సముద్రాల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు, మన ఒళ్లే తేలాలి.

సముద్రం సంగతి నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా జరిగిన ట్రయథ్లాన్లను పరిశీలించి 2017లో ఒక వైద్య అధ్యయనం ప్రచురించారు. మరణాలు, గుండె ఆగిన ఘటనలు కలిపి 135 లెక్కకు వస్తే, వాటిలో 90 ఈత భాగంలోనే జరిగాయి. పోటీదారుల సంఖ్యతో పోలిస్తే అది చాలా చిన్న అంకె, ఎవరూ భయపడి ఆగిపోనక్కర్లేదు. కానీ నలభై దాటినవాళ్లు గుండె పరీక్ష చేయించుకోకుండా సముద్రంలో దిగకూడదు. గాబరా పుట్టినప్పుడు వెల్లకిలా తిరిగి తేలడం, చెయ్యెత్తి సాయం పిలవడం మొదటి వారంలోనే నేర్పని కోచ్, కోచే కాదు. విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర ప్రవాహాలు ఎంతమందిని లాక్కుపోయాయో ఆ ఊరివాళ్లకు తెలుసు. తీరం నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే దానికి ఎదురీదకూడదు, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఒంటరిగా దిగకండి. నడుముకు కట్టుకునే నారింజ రంగు తేలే బ్యాగు లేకుండా దిగకండి. ఆ తీరం తెలిసిన జాలరిని అడగకుండా దిగకండి.

ఆడవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన పూల్స్‌లో మహిళల సమయం చాలాచోట్ల పగటిపూట ఉంటుంది, ఉద్యోగానికి వెళ్లే మనిషికి అది పనికిరాదు. పొద్దున్నే ఉండే బ్యాచ్‌లో తానొక్కతే ఆడమనిషి కావచ్చు. కోచ్ ఒళ్లు తాకి దిద్దవలసి వస్తే ముందు అడగాలి, "చెయ్యి పట్టుకుని చూపించమంటారా?" అని. వీడియో తీస్తే ఎవరి ఫోనుతో, ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తారు అన్నది ముందే తేలాలి. మీ ఫోనుతోనే తీయించుకోండి. నీళ్లలో మనల్ని మనం ఒక్కసారి చూసుకుంటే పది మాటలు తప్పుతాయి, అందుకని వీడియో వద్దనుకోకండి, షరతులతో తీయించుకోండి. ఈ మాటలు అడిగినందుకు మొహం చిట్లించే కోచ్ దగ్గర ఆగనక్కర్లేదు.

డబ్బు సంగతి. విడిగా ఒక్కరికే చెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ, గుంపులో తక్కువ. మొదట కొన్ని పూటలు విడిగా చెప్పించుకుని, ఊపిరి, వాటం కుదిరాక గుంపులో చేరడం మేలని నా నమ్మకం. ఆ తర్వాత నెలకోసారి మళ్లీ విడిగా చూపించుకుంటే చాలు. ఖరీదైన గాగుల్స్, చేతి ప్యాడిల్స్ మీద పెట్టే డబ్బు కోచ్ కళ్ల మీద పెట్టండి. వారానికి ఒకసారి రెండు గంటలకంటే మూడుసార్లు ముప్పావుగంట చాలా మేలు, నీళ్లను మరపున పడనివ్వవద్దు. అపార్ట్‌మెంట్ పూల్ చిన్నదని తీసిపారేయకండి. దూరాలకు పనికిరాదు గానీ ఊపిరి సాధనకు అంతకంటే కావలసింది లేదు.

మూడు నెలలు బుద్ధిగా వెళ్లినా రొప్పు తగ్గకపోతే, నొప్పి కొత్తగా మొదలైతే, కోచ్‌ని మార్చండి. మన దగ్గర గురువును మార్చడమంటే తప్పు చేసినట్టు బాధపడతారు. దండం పెట్టి, నేర్పినదానికి కృతజ్ఞత చెప్పి వచ్చేయండి. మీరు ఈదవలసింది మీ ఒంటితో.

ఇంత వయసులో ఏం వస్తుందిలే అనుకునేవాళ్లకు గోలి శ్యామల గారి పేరు గుర్తు చేస్తాను. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో శ్రీలంకకూ మనకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదిన తెలుగు మహిళ. పోటీల మాటకొస్తే ప్రపంచ ఈత సమాఖ్య మాస్టర్స్ పోటీల్లో 25 దాటినవారికి అయిదేళ్లకో వర్గం ఉంటుంది, ఎనభై దాటినవాళ్లకూ ఉంటుంది. వయసు అడ్డుకాదని ఆ నియమాల పుస్తకమే ఒప్పుకుంది.

చివరగా పూల్స్ నడిపే అధికారులకు, క్లబ్బులకు ఒక విన్నపం. తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఏడు దాకా ఒక్క లేన్, వారానికి మూడు రోజులు, పెద్దవయసులో నేర్చుకునేవాళ్ల కోసం కేటాయించండి. ఆ లేన్ పక్కన ఒక కోచ్‌ని, కొలనంతటినీ చూసే లైఫ్‌గార్డుని విడివిడిగా పెట్టండి. సాయంత్రం మహిళల కోసం కూడా ఒక గంట ఇవ్వండి. వింటున్నవారిలో ఈత నేర్చుకోవాలనుకుంటున్నవాళ్లు ఈ వారమే మీ ఊరి పూల్‌కి వెళ్లి, మేనేజరు గారికి ఇదే మాట కాగితం మీద రాసి ఇవ్వండి. నలుగురు కలిసి సంతకాలు పెట్టి ఇస్తే ఇంకా మంచిది. అడిగినవాళ్లు లేకనే చాలాచోట్ల ఆ లేన్ లేదు.